టేపు తిరగేసిన చోట

మా ఆఫీసులో ఆవిడని అందరూ టైపక్కయ్య అనేవాళ్ళు. మా సంస్థకి గురువైన పెద్దాయన చెప్పిన వేదాంత ప్రవచనాల టేపులు చెవికి తగిలించుకుని, విన్నది విన్నట్టు టైపు కొట్టడం ఆవిడ పని. పంతొమ్మిదేళ్ళు అదే పని, అదే గది. ఆ గదికి కిటికీ లేదు. బయటి చప్పుడు లోపలికి రాకూడదని గోడలకి మందపాటి అట్టలు కొట్టారు. తలుపు మూస్తే లోపల మనిషి ఉందో లేదో కూడా తెలిసేది కాదు. నేను పక్క గదిలో ప్రూఫులు దిద్దేదాన్ని. నాకు నోరెక్కువ, ఆవిడకి ఓపికెక్కువ. అందుకే పన్నెండేళ్ళు మా ఇద్దరికీ పొత్తు కుదిరింది.

పెద్దాయన దాకా వెళ్ళలేని వాళ్ళు ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆయన పోయిన తర్వాత మరీను. బైండింగు పనివాడి తల్లి పోతే ఆ గది గుమ్మంలో నిలబడి ఏడ్చాడు. "పోయేది చూడబడేదయ్యా, చూసేది కాదు" అంది. వాడు కళ్ళు తుడుచుకుని వెళ్ళి పనిలో కూర్చున్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. తలనొప్పి మాత్ర ఉందా అక్కయ్యా అని అడిగితే, నొప్పి తలకా నీకా అని అడిగే రకం ఆవిడ. మాత్ర ఇచ్చేది, కాకపోతే ఆ ప్రశ్న వేశాకే ఇచ్చేది.

"నీకు ఇంత జ్ఞానం ఎలా వచ్చింది?" అని ఒకసారి ఎగతాళిగా అడిగాను.

"నాదేముందమ్మా. నేను ఒక జత చెవులు, పది వేళ్ళు. మధ్యలో నేను లేను" అంది.

ఆ మాట మనస్ఫూర్తిగానే అంది. అబద్ధమని ఆవిడకి అప్పటికి తెలియదు.

ఆ పనిలో ఒక తంటా ఉంది. టేపుకి ఒక పక్క నలభై అయిదు నిమిషాలు. అది అయిపోగానే మైకు దగ్గర కూర్చున్న మనిషి దాన్ని తీసి తిరగేసి పెట్టాలి. ఆ లోపల పెద్దాయన ఆగరు కదా, మాట్లాడుతూనే ఉంటారు. ఒకటో రెండో వాక్యాలు గాలికి పోతాయి. పుస్తకంలో అక్కడ గుంట వదిలెయ్యలేం. అందుకని అక్కయ్య ముందు మాట, వెనక మాట చూసుకుని మధ్యలో ఒక వాక్యం అతికేది. అలా చెయ్యమని ఎవరూ చెప్పలేదు, వద్దని కూడా ఎవరూ అనలేదు. నాకు తెలుసు. అతుకు కనపడకుండా వేశావని మెచ్చుకున్నాను కూడా. నా తప్పు నేను ముందే ఒప్పుకుంటున్నాను.

ఆ పుస్తకాల్లో బాగా పేరుపడ్డ వాక్యం ఒకటుంది: "తలుపు మూసి ఉంటే ఎవరైనా కూర్చుంటారు. తెరిచి ఉన్నా కూర్చోగలగడమే వైరాగ్యం." క్యాలెండరు మీద అదే, పుస్తకాల్లో పెట్టి ఇచ్చే అట్ట ముక్కల మీద అదే. మా ఆఫీసులో మంచినీళ్ళ కుండ పైన కూడా పటం కట్టి తగిలించారు.

అక్కయ్యకి ఉన్నదల్లా ఒక్క చెల్లెలు. పదమూడేళ్ళు చిన్నది. అమ్మానాన్నలు పోతే ఈవిడే పెంచింది. మందుల షాపులో పనిచేసేది, చలాకీ పిల్ల, డాక్టర్ల గీతలు కూడా ఇట్టే చదివేసేది. మూడేళ్ళ క్రితం పెళ్ళయింది. మరిది గోడౌనులో సూపర్వైజరు. పెళ్ళయిన నెలకే షాపు మాన్పించాడు. రెండో నెల నుంచి పనికి వెళ్తూ బయట తాళం వేసుకుని వెళ్ళేవాడు. దొంగల భయం అన్నాడు. మూడో అంతస్తులో రెండు గదులు. ఎత్తుకుపోవడానికి ఆ పిల్ల తప్ప ఏమీ లేదు.

ఆ రోజుల్లో చెల్లెలు ఏడ్చేది, గొడవపడేది. అక్కయ్య వెళ్ళి మరిదితో మాట్లాడితే, "మీరు వేదాంతం తెలిసినవారు, మీరే ఇలా అంటే ఎలా?" అన్నాడు. ఆవిడ నీళ్ళు నమిలి వచ్చేసింది. వచ్చేముందు చెల్లెలికి చేతనైన సాయం చేసింది. ఆ వాక్యం ఉన్న పుస్తకం ఇచ్చింది.

ఆ తర్వాత చెల్లెలు కుదుటపడింది. ఏడుపు మానేసింది. అక్కయ్య సంతోషించింది, నాతో చెప్పి మరీ సంతోషించింది. అలా రెండేళ్ళు గడిచాయి.

ఒక సోమవారం భోజనాల వేళ అక్కయ్య డబ్బా తెరవకుండా కూర్చుంది. అంతకు ముందు రోజు చెల్లెలి ఇంటికి వెళ్ళిందట. మందుల షాపు యజమానురాలు కబురు చేసిందని చెప్పడానికి. వేరే ఊళ్ళో నర్సుల హాస్టల్లో మందుల గది చూసుకునే మనిషి కావాలట. ఉండడానికి గది కూడా ఇస్తారు. శుక్రవారం లోపల సర్టిఫికెట్లు పట్టుకుని స్వయంగా వెళ్ళాలి.

"వద్దందా?" అన్నాను.

"వద్దంది. నవ్వుతూ వద్దంది. 'ఆయన ఇప్పుడు తాళం వెయ్యట్లేదక్కా, ఏడాదిన్నర అయింది మానేసి. నేనే వెళ్ళట్లేదు. బయటికి వెళ్ళాలన్న కోరికే పోయింది. ఇప్పుడు పోతే ఇన్నాళ్ళు సాధించిందంతా పోతుంది' అంది. అలమార తలుపు తీసి చూపించింది. లోపల ఆ తలుపు వాక్యం ఉన్న అట్ట ముక్క అంటించుకుంది."

"అయితే?"

అక్కయ్య డబ్బా పక్కకి జరిపింది. "ఆ వాక్యం పెద్దాయనది కాదు. నాది."

నేను ముద్ద డబ్బాలో పెట్టేసి, కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను.

తొమ్మిదేళ్ళ క్రితం ఆవిడకి టైపు ఇనిస్టిట్యూట్ లో పాఠాలు చెప్పమని పిలుపొచ్చిందట. మూడు పక్కలా కిటికీలున్న పెద్ద హాలు, ముప్ఫై మంది పిల్లలు. రేపు చెప్తానని వచ్చి ఈ గదిలో కూర్చుంది. ఆ రోజు టేపులో పెద్దాయన "వైరాగ్యం అంటే" అనగానే పక్క అయిపోయింది. ఆవిడ ఆ వాక్యం అతికింది. ఇనిస్టిట్యూట్ కి వెళ్ళలేదు.

"నాకు భయమేసిందమ్మా. అంతమంది ముందు నిలబడాలంటే భయమేసింది. ఆ భయానికి పెద్దాయన గొంతు తొడిగాను" అంది.

నాకు జాలి వేసింది, దానికంటే ముందు కోపం వచ్చింది. వెళ్ళి చెప్పు అన్నాను. ఆ సాయంత్రమే వెళ్ళింది. మర్నాడు పొద్దున వచ్చిన మొహం చూస్తే అడగక్కర్లేకపోయింది. చెల్లెలు నమ్మలేదు. "నన్ను బయటికి లాగడానికి పెద్దాయన మీద కూడా అబద్ధం ఆడతావా అక్కా? నీకే నమ్మకం లేకపోతే నాకెందుకు ఇచ్చావు?" అని తలుపు వేసుకుందట.

అక్కయ్య మేనేజరు గారి దగ్గరికి వెళ్ళింది. సంస్థ ఒక కాగితం రాసిస్తే చెల్లెలు నమ్ముతుందని ఆశ. నేను కూడా వెనకే నిలబడ్డాను. ఆయన అంతా విని, కళ్ళజోడు తుడుచుకుని, చల్లగా చెప్పారు. "అమ్మా, మీలో ఉండి ఆయనే పలికించారు. మీరు నిమిత్తమాత్రులు. ఇది బయటికి పొక్కితే ఎంతమంది నమ్మకం పోతుందో ఆలోచించండి. కొత్త ముద్రణకి అట్ట మీద ఆ వాక్యమే వేస్తున్నాం."

ఆవిడ వినయాన్ని ఆవిడకే సంకెళ్ళు చేసి వేశాడు మహానుభావుడు. నాకు నోటిదాకా వచ్చింది గానీ అక్కయ్య నా చెయ్యి గట్టిగా నొక్కింది.

గదిలోకి వచ్చాక తలుపు మూసి కుర్చీలో కూలబడింది. "అది కూడా కాదమ్మా నా బాధ. ఇంకా ఎన్ని అతికానో, ఏవి ఆయనవో ఏవి నావో నాకే తెలియట్లేదు. చెల్లెలికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తే ఆయన వాక్యాలే వస్తున్నాయి. నాదంటూ ఒక్క మాట దొరకట్లేదు. ఊపిరాడట్లేదు" అంది. ఆ గదిలో నాకూ ఊపిరాడలేదు. లేచి తలుపు తీశాను. తీసినా ఆవిడ కదల్లేదు.

ఇక మిగిలింది అసలు టేపు. మా వాళ్ళు పొదుపు పేరుతో పాత టేపుల మీదే కొత్తవి ఎక్కించేవాళ్ళు. కానీ క్యాసెట్టు వీపున ఉండే చిన్న ప్లాస్టిక్ చెవులు విరిచేస్తే దాని మీద మళ్ళీ రికార్డు ఎక్కదు. ముఖ్యమైన సభలవి మైకాయన అలా విరిచేవాడు. ఇద్దరం రెండు రోజులు సామాన్ల గదిలో దుమ్ములో కూర్చుని డబ్బాలు వెతికాం. తుమ్మి తుమ్మి నా తల ప్రాణం తోకకొచ్చింది. గురువారం పన్నెండింటికి దొరికింది. చెవులు రెండూ విరిచి ఉన్నాయి.

టేపురికార్డరు సంచిలో పెట్టుకుని అప్పటికప్పుడే బయలుదేరాం. మరిది గోడౌను నుంచి ఆరింటికి గానీ రాడు. తలుపు నిజంగానే తాళం లేకుండా ఉంది. చెల్లెలు మమ్మల్ని చూసి నవ్వలేదు. ఇల్లు అద్దంలా ఉంది. మళ్ళీ మళ్ళీ తుడిచినట్టుంది గచ్చు. కిటికీలకి మాత్రం తెరలు వేసే ఉన్నాయి.

"ఒక్కసారి విను. తర్వాత పొమ్మంటే పోతాం" అంది అక్కయ్య.

పెద్దాయన గొంతు వచ్చింది. తీరిగ్గా, కాస్త దగ్గుతూ. "ఎవరి మాటైనా సరే, నా మాటైనా సరే, తీసుకెళ్ళి మీ లోపల పెట్టి చూసుకోండి. భయం తగ్గిందా, ఉంచుకోండి. భయం పెరిగిందా, అది మీకు పడలేదు, పక్కన పెట్టండి. వివేకం అంటే ఇంతే. ఇక వైరాగ్యం అంటే..." అక్కడ టక్కుమని ఆగిపోయింది. అక్కయ్య తిరగేసి పెట్టింది. "...అంతేగానీ ఇంకోటి కాదు. ఇప్పుడు కర్మ సంగతి చూద్దాం" అన్నారాయన.

చెల్లెలు ఇంకోసారి వెయ్యమంది. వేశాం. మూడోసారి తనే బటన్ నొక్కింది. మూడుసార్లూ ఆ వాక్యం లేదు.

"ఈ భయం మాట పుస్తకంలో ఉందా?" అని అడిగింది.

"ఉంది. దాని పై పేరాలోనే ఉంది."

"నేను అది చదివి వదిలేశాను." టేపురికార్డరు ఆపేసింది. "నువ్వెందుకు రాశావక్కా?"

అక్కయ్య చెప్పింది. ఇనిస్టిట్యూట్ సంగతి, హాలు సంగతి, భయం సంగతి. ఒక్క పెద్దమాట లేకుండా, మా వీధిలో ఆడవాళ్ళు చెప్పుకున్నట్టు చెప్పింది. ఆవిడ అలా మాట్లాడగా నేను వినడం అదే మొదలు. చెప్తున్నంతసేపూ చెల్లెలు ఆవిడని చూడలేదు. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఆయన తాళం వేసినన్నాళ్ళూ నాకు కోపం వచ్చేది. తాళం మానేశాక తలుపు దగ్గరికి వెళ్తే కాళ్ళు వణికేవి. వెళ్ళడం మానేస్తే వణుకు తగ్గేది. దాన్నే శాంతి అనుకున్నాను" అంది చెల్లెలు. తనలో తను మాట్లాడుకున్నట్టు అంది.

అక్కయ్య ఏడుస్తోంది. "నావల్లే, అంతా నావల్లే."

"ఊరుకో అక్కా. రాసింది నువ్వే, సరే. దాని మీద ఎక్కి కూర్చున్నది నేను." గొంతులో కోపం లేదు, ప్రేమా లేదు. లేచి బీరువా తీసి సర్టిఫికెట్ల కవరు, రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుంది. మందుల షాపులో అలవాటైన చెయ్యి కదా, చకచకా కదిలింది. చెప్పులు వేసుకుని గుమ్మం దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

ఒక పాదం ఎత్తడం, దించడం. గోడ పట్టుకుంది. నుదుటి మీద చెమట పట్టింది. కింద మెట్ల మీద ఎవరో ఎక్కుతున్న చప్పుడైతే గబుక్కున లోపలికి పోయి, అది పై ఇంటివాళ్ళని తెలిశాక మళ్ళీ వచ్చింది. అప్పటికి మూడున్నర. ఆ ఊరికి బస్సు అయిదింటికి. చెయ్యి పట్టుకుని లాగేద్దామని నేను ముందుకు వెళ్ళాను. అక్కయ్య నన్ను ఆపింది.

"ఏదైనా చెప్పనా?" అని చెల్లెల్ని అడిగింది.

"వద్దక్కా, నీకు దణ్ణం పెడతా. ఏమీ చెప్పకు."

గడప దాటడానికి ఆ పిల్లకి ముప్పావుగంట పట్టింది. పంతొమ్మిదేళ్ళుగా ప్రతి కష్టానికీ ఒక వాక్యం ఇచ్చిన మనిషి, మెట్ల మీద నిలబడి, రెండు చేతులతో నోరు మూసుకుని, ఆ ముప్పావుగంటా ఒక్క మాట కూడా అనలేదు.