సుజాత మేడం భయం

మొన్న పాపకు జ్వరం వస్తే మాత్ర కోసం రేకు చించాను. ఆ చిన్న చప్పుడుకే సుజాత మేడం గుర్తొచ్చారు.

ఎల్బీ నగర్‌లో ఒక చిన్న మందుల పరిశోధన సంస్థలో ఆవిడ నా పై అధికారి. పోచంపల్లి నేతవారి ఆడపడుచు. మా పనంతా కంప్యూటర్ మీదే. ఇంకా తయారుకాని మందు అణువును ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కా పాత మందుల్లో ఎలా పనిచేసిందో చూసి, మొత్తం అణువు ఒంట్లో ఏం చేస్తుందో ముందే అంచనా కట్టాలి. నాకది లెక్కల ఆటలా ఉండేది. మేడం మాత్రం ప్రతి ఫలితాన్నీ పుట్టలో చెయ్యి పెడుతున్నట్టు చూసేవారు.

ఒకసారి ఒక కొత్త అణువుకు ‘గుండెకు ప్రమాదం లేదు’ అని వచ్చింది. సంబరంగా చూపించాను. ఆవిడ స్క్రీన్ మీద వేలు పెట్టారు.

“గీ ముక్క ఎరుకే. గా ముక్క గూడ ఎరుకే. రెండూ అతుక్కొనున్న మందు ఎన్నడన్న జూసినవా?”

“లేదు మేడం.”

“మరి కంప్యూటర్‌కెట్ల దెల్సింది?”

 కంప్యూటర్ ఎప్పుడూ ‘తెలియదు’ అనదు. ఏదో ఒక అంకె చెప్పేస్తుంది.

మేడం సంతకం లేనిదే అణువు ముందుకు పోదు. గుండె కణాల మీద పరీక్ష చేయించాలన్నారు మేడం. డైరెక్టర్ గారిది గుంటూరు వైపు. “అంత ఆలస్యమైతే ప్రాజెక్టు పోతుందమ్మా. అందరం రోడ్డున పడతాం,” అన్నారు.

“పరీక్ష గాకుండ సంతకం పెట్ట సార్.” మేడం సంతకం కాగితాన్ని ఆయన వైపే జరిపారు.

చివరికి పరీక్షకు ఒప్పుకున్నారు. ఫలితం కోసం ఎదురుచూసిన రోజుల్లో ఆఫీసులో ఎవరూ మాతో సరిగా మాట్లాడలేదు. ఒక సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో చాయ్ తాగుతూ, భయంగా ఉందన్నాను.

“నాకింకా ఎక్కువుంది బిడ్డా. కొలువు గురించి గాదు. గా గోలీ ఏసుకునేటోళ్లు మనకు ఎన్నడూ కనవడరు. వాళ్ల తరఫున ఎవరన్న భయపడాలె గదా.”

పరీక్షలో ఏ దోషమూ తేలలేదు. ఆఫీసంతా నవ్వుకుంది. నేను తల దించుకున్నాను. మేడం కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకున్నారు. “మంచిగైంది. నా అనుమానమే తప్పు. మళ్ల గసొంటిదొస్తే మళ్ల అడుగుత.”

అడిగే అవకాశం ఇవ్వలేదు. సంతకం బాధ్యత తీసేశారు. కొన్నాళ్లకు ఆవిడే మానేశారు.

ఇప్పుడు ఆ సంతకం నాది. ఎన్నడూ చూడని అతుకు కనపడగానే భయమేస్తుంది. ఆ భయంతోనే, అందరూ వినేలా, పరీక్ష చేయించమని అడుగుతాను.