ఏ పనీ చేయని ఎర్ర బటన్

నరసన్నపేటలో మా మావయ్య బియ్యం కొట్టు బిల్లులన్నీ ఒక పాత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌లోనే నడిచేవి. దేశదేశాల వాళ్లతో కలిసి దాన్ని బాగుచేసే పిచ్చి నాది. నెలల తరబడి కళ్లు పోయేలా కూర్చుని కొత్త వెర్షన్ తెచ్చాం. తెర మీద ఓ మూల ఉండే, ఎప్పుడో పనిచేయడం మానేసిన ఎర్ర బటన్‌ను నేనే పీకేశాను.

కొట్టులో కొత్త వెర్షన్ పెట్టిన మర్నాడు పొద్దున్నే మావయ్య ఫోన్.

“ఒరే అల్లుడూ, ఎర్ర బటన్ ఏటైపోనాది?”

“అది నొక్కినా ఏటీ అవదు మావయ్యా!”

“అవకపోతే పోనీరా! రోజూ అది నొక్కి, ఆ వేలు కళ్లకద్దుకునే కదా బోణీ సేస్తాను!”

పళ్లు కొరుక్కుంటూ బటన్‌ను మళ్లీ పెట్టాను, దానికి ఏ పనీ అప్పజెప్పకుండా. సాయంత్రం మళ్లీ ఫోన్.

“ఇప్పుడు సూడు, ఎంత జోరుగా నడస్తన్నాదో!”

అంత చాకిరీలో ఆయన మెచ్చుకున్నది ఆ బటన్‌నే.