విమల ఉన్న హార్డ్ డిస్క్

మగవాడు వీడియో గేమ్‌లో ఆడపాత్రను ఎంచుకున్నాడంటే కారణాలు రెండేనని మా లైన్లో అందరూ తేల్చేశారు. ఒకటి, అవతల ఆడే మగపిల్లల్ని బురిడీ కొట్టించి కానుకలు రాబట్టడానికి. రెండు, తెర మీద ఆడమనిషిని వెనకనుంచి చూస్తూ కూర్చోవడానికి. సుందరరావుగారి సంగతి కూడా మా మెట్ల దగ్గర టీ తాగేవాళ్లు ఇలాగే చెప్పుకుంటారు. ఆయన కంప్యూటర్ విప్పింది నేను, వాళ్లు కాదు. వాళ్లు చెప్పేది తప్పు.

2022 వానాకాలం. విజయవాడ గవర్నరుపేటలో, మేడ మీద గదిలో నా డేటా రికవరీ షాపు. చెడిపోయిన కంప్యూటర్లలోంచి ఫోటోలు, ఫైళ్లు వెనక్కి తీసివ్వడం మా పని. బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ చదివి, "ఆడవాళ్లకి స్క్రూడ్రైవరెందుకమ్మా" అన్న ప్రతివాడితోనూ పోట్లాడుతూ అప్పటికి పంతొమ్మిదేళ్లుగా అదే పనిలో ఉన్నాను.

సుందరరావుగారు ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో కంట్రోల్ రూమ్ ఆపరేటరు. యాభై దాటాయి. పెళ్లి చేసుకోలేదు, క్వార్టర్స్‌లో ఒక్కరే ఉంటారు. కంప్యూటర్‌ని పాత దుప్పటిలో చుట్టి తెచ్చారు. వెంట చెల్లెలి భర్త చిట్టిబాబు వచ్చాడు. మాట్లాడే పనంతా అతనిదే.

"బావగారి సిస్టం ఆన్ అవట్లేదండి. లోపల టిక్కుటిక్కుమంటోంది."

హార్డ్ డిస్క్‌లో ఒక పళ్లెం తిరుగుతుంటుంది. దాని మీద సన్నటి సూదిలాంటి హెడ్ కదులుతూ చదువుతుంది. టిక్కుటిక్కుమందంటే హెడ్‌కి రోజులు దగ్గరపడ్డాయన్నమాట. కరెంటిచ్చిన ప్రతిసారీ దాని ఆయుష్షు కొంత తగ్గుతుంది. అందుకే ముట్టుకోకముందే, ఏది ముందు తియ్యాలో కస్టమర్‌ని అడిగి జాబ్ కార్డ్ మీద రాసుకుంటాం.

"ముందు ఏం తియ్యమంటారు?" అని అడిగాను.

"సేవ్స్ అని ఒక ఫోల్డర్ ఉంటుందండి. అదొక్కటి వస్తే చాలు," అన్నారు సుందరరావుగారు. వచ్చినప్పటినుంచీ ఆయన నోరు విప్పడం అదే మొదలు.

"ఏముంటుంది అందులో?"

"గేమ్‌దండి. పదకొండేళ్లుగా ఆడుతున్నాను. ఎక్కడిదాకా ఆడానో అంతా అందులోనే ఉంటుంది."

"ఫోటోల్లేవా?"

"ఉన్నాయండి. అమ్మవి, చెల్లెలి పెళ్లివి."

"మరి? అమ్మ ఫోటోలు వదిలేసి ఆటేంటండీ? ఇవాళ ఇలాగే అంటారు. రేపొచ్చి నా గుమ్మంలో ఏడుస్తారు. ఎంతమందిని చూశాను."

"మేడమ్ చెప్పింది కరెక్టు బావగారూ," అన్నాడు చిట్టిబాబు.

సుందరరావుగారు దుప్పటి మడత పెడుతూ, "మీ ఇష్టమండి," అన్నారు.

వాదించలేక మీ ఇష్టమన్నవాణ్ని కూడా ఒప్పుకున్నవాడి కిందే జమకట్టడం నాకు అలవాటు. కార్డ్ మీద ఒకటి ఫోటోలు, రెండు సేవ్స్ అని రాశాను.

మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాను. ముందుగా ఫైళ్ల జాబితా వచ్చింది. సేవ్స్ మొత్తం కలిపినా పది పెళ్లి ఫోటోలంత లేదు. రెండు నిమిషాల పని. నా కళ్లతో చూశాను. అయినా రాసుకున్న వరుస రాసుకున్నదేనని ఫోటోల మీదే పడ్డాను. ఆరోగంటలో ఫోటోలు పూర్తయ్యాయి. సేవ్స్ మొదలుపెట్టబోతే టిక్కుమనే చప్పుడు కూడా ఆగిపోయింది. ఆ తర్వాత ఎన్ని తంటాలు పడ్డా డిస్క్ పలకలేదు. సేవ్స్ ఫైళ్లకి పేర్లున్నాయి, సైజులున్నాయి. లోపల అన్నీ సున్నాలు.

తీసిన ఫోటోలు సరిగ్గా వచ్చాయో లేదో ఒక్కొక్కటీ తెరిచి చూడాలి. అమ్మగారి ఫోటోల పక్కనే ఇంకో ఫోల్డర్ కనబడింది. గేమ్ ఆడుతూ తీసి ఉంచుకున్న స్క్రీన్‌షాట్లు, రెండొందల పైచిలుకు. అన్నింట్లోనూ ఒకే ఆడమనిషి, ఆయన ఆడే పాత్ర. నలభై ఏళ్లుంటాయేమో. ముదురాకుపచ్చ గౌను, తలకి కట్టుకున్న గుడ్డ. కోళ్లకి గింజలు వేస్తోంది. పడవల రేవులో వానలో నిలబడింది. ఊరివాళ్ల విందులో బల్ల చివర కూర్చుంది. కొన్ని ఎదురుగా తీసినవి, కొన్ని బాగా దూరంనుంచి. వెనకనుంచి తీసినది ఒక్కటీ లేదు. ప్రతిదానికీ పేరు పెట్టారు: విమల కొత్త వంతెన మీద, విమల మొదటి మంచు. ఆల్బమ్‌లో ఫోటో వెనక రాసుకుంటాం చూడండి, అలాగ.

ఫోన్ చేశాను. "ఫోటోలన్నీ వచ్చేశాయండి," అన్నాను.

"సేవ్స్?"

"రాలేదండి."

ప్లాంట్ హోరు వినిపిస్తోంది. "సరేనండి," అన్నారు.

ఆఫ్ రోజున వచ్చారు. చిట్టిబాబు బీసెంట్ రోడ్డులో ఏదో పని చూసుకుని వస్తానన్నాడట. ఒంటరిగా దొరికారు కదాని అడిగేశాను.

"మీతో ఆడే మిగతావాళ్లకి మీరు మగవారని తెలుసాండీ?"

"మిగతావాళ్లెవరూ ఉండరండి. నేనొక్కణ్నే ఆడతాను. ఊళ్లో జనమంతా గేమ్‌లోవాళ్లే."

మరి ఈయన మోసం చేసిందెవర్ని? టీ తాగేవాళ్లని ఈ మాట ఎన్నిసార్లు అడిగానో. అడిగిన ప్రతిసారీ వాళ్లకి క్రికెట్ గుర్తొస్తుంది.

"అయితే ఆడమనిషెందుకు?"

"మొదట్లో పొరపాటున నొక్కానండి. మార్చుకోవచ్చు. మార్చలేదు."

"ఎందుకు మార్చలేదనే అడుగుతున్నా."

"ప్లాంట్‌లో ఏదన్నా ట్రిప్ అయి ఆగిపోతే సుందరరావేడీ అంటారు. చెల్లెలింట్లో మోటారు పాడైతే సుందరరావేడీ అంటారు. డ్యూటీ దిగి, తలుపేసుకున్నాక కూడా నేనే ఎందుకుండాలండీ? ఆవిడ సంతకెళ్తే ఎవరో ఒకరు పేరుపెట్టి పలకరించేవారు. విమలా, వంతెన దాకా నడుద్దామా అనేవారు. పనేం లేదు, ఊరికే."

"మగవాడిగా ఆడితే పిలవరా?"

"పిలుస్తారేమోనండి. నాకే నమ్మబుద్ధి కాదు."

ఉన్నమాట చెప్పాను. "మీ ఫోల్డర్ రెండు నిమిషాల పనండి. నేనే ముందు తియ్యలేదు."

"ఫోటోలు కూడా ముఖ్యమే కదండీ," అన్నారు. నన్ను ఓదార్చడానికి.

ఈలోపు చిట్టిబాబు మెట్లెక్కి వచ్చాడు. తెర మీద పెళ్లి ఫోటోలు చూసి, "ఇవన్నీ మా ఇంట్లో పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి కదా బావగారూ. అడిగితే ఇచ్చేవాణ్ని," అన్నాడు.

ఆ మాట మొదటి రోజున అనలేదు. నేనూ అడగలేదు.

కొత్త డిస్క్ వేసి, గేమ్ మళ్లీ ఎక్కించి ఉంచాను. ఎక్కించినదేదైనా కౌంటర్ దగ్గర కస్టమర్ చేత నడిపించి, సంతకం పెట్టించుకున్నాకే అప్పగించడం మా షాపులో పద్ధతి. ఆ కౌంటర్ మానిటర్ మెట్లవైపు తిరిగి ఉండేది. అప్పుడు ముగ్గురు నలుగురు తమ వంతు కోసం నిలబడి ఉన్నారు.

గేమ్ తెరుచుకుంది. మగమనిషి ఒకపక్క, ఆడమనిషి ఒకపక్క నిలబడ్డారు. ఎవరు కావాలో ఎంచుకోమంది. సుందరరావుగారు మౌస్‌ని ఆడమనిషి మీదికి జరిపారు.

"ఏంటి బావగారూ, ఈసారన్నా మీసం పెట్టుకోండి. లేకపోతే మీకు పెళ్లికొడుకుల్ని వెతకాల్సొస్తుంది," అన్నాడు చిట్టిబాబు.

నిలబడ్డవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను.

ఇది రాయకుండా దాటెయ్యవచ్చు. చిట్టిబాబుని తప్పుపట్టి, టీ తాగేవాళ్లని తిట్టి, నేను మంచిదాన్నని ముగించవచ్చు. కానీ ఆయన తలెత్తి చూసింది చిట్టిబాబుని కాదు, నన్ను. అంతకు పావుగంట ముందే ఆయన నాతో అన్ని మాటలు మాట్లాడారు మరి.

మౌస్ రెండోపక్కకి జరిపి మగమనిషిని నొక్కారు. పేరేమిటని తెర అడిగితే ఒకే ఒక్క అక్షరం కొట్టారు. వేలికి ఏది తగిలితే అది. "పనిచేస్తోందండి," అని కార్డ్ మీద సంతకం పెట్టి, కంప్యూటర్‌ని మళ్లీ అదే దుప్పటిలో చుట్టుకుని దిగిపోయారు.

ఇప్పుడు నా జాబ్ కార్డ్ మీద కస్టమర్ ఏ వరుస చెబితే ఆ వరుసే రాస్తాను. అమ్మ ఫోటోలు వెనకుండాలంటే వెనకే. కౌంటర్ మానిటర్‌ని గోడవైపు తిప్పించాను. కూర్చున్నవాళ్లకి తప్ప ఇంకెవరికీ కనబడదు. ఏమిటీ చాదస్తం అని అడిగినవాళ్లతో తగువు పడతాను తప్ప కారణం చెప్పను. మనిషికి ఏది ముఖ్యమో నిర్ణయించే పని నా చదువులోనూ లేదు, నా వృత్తిలోనూ లేదు. అది తెలియడానికి నాకు పంతొమ్మిదేళ్లు పట్టింది.

సుందరరావుగారు మళ్లీ రాలేదు. బాగైన కంప్యూటర్ షాపుకెందుకొస్తుంది? ఆ మధ్య చిట్టిబాబు వాళ్లమ్మాయి లాప్‌టాప్ పట్టుకొస్తే, మీ బావగారెలా ఉన్నారని అడిగాను. "ఆయనకేమండీ, ఒక్కడే కదా, హాయిగా ఉన్నాడు," అన్నాడు. ఫోన్ నంబరు కార్డ్ మీద ఉంది. రెండుసార్లు నొక్కబోయి మానేశాను. నవ్విన మనిషికి ఆయనెందుకు చెబుతారు?

ఆ గేమ్‌లో మొదలుపెట్టినది చెరిపేసి, మళ్లీ మొదటినుంచి మనిషిని ఎంచుకోవచ్చు. ఆ సంగతి నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. ఆ రోజు ఇబ్రహీంపట్నం చేరి, తలుపేసుకుని, చుట్టూ ఎవరూ లేనప్పుడు, ఆయన ఎవర్ని నొక్కారు?