సంకటి నమిలిన మనిషి

ఇంగ్లండులో జనాన్ని నవ్వించే మనిషి అమెరికా పోయి, అక్కడివాళ్ల ముందు ఒంటరిగా నిలబడి మాట్లాడితే, వాళ్లు ముందు అతని యాసకే నవ్వేస్తారట. మాట సంగతి తర్వాత తీరిగ్గా చూసుకుంటారట. తమ ఊరి హాస్యగాడికి మాత్రం అంత సులువుగా నవ్వు ఇవ్వరట. ఈమధ్య పేపర్లో ఎవరో దీన్ని పెద్ద వింతలాగా రాశారు. నాకు వింతేమీ అనిపించలేదు. ఇద్దరిదీ ఒకటే భాష, ఊళ్లే వేరు. ఆ కథ నేను అరవైల మొదట్లోనే హిందూపురంలో చూశాను. చూడటమేమిటి, కడుపు మండి చచ్చాను.

అప్పట్లో నేను పెనుకొండలో ఒక ఆఫీసులో గుమాస్తాను. జీతం ఆ పనికి, పేరు మాత్రం ఇంకో పనికి. మా వైపు నాటకాలాడేటప్పుడు ఒక రంగం అయిపోయి ఇంకోటి మొదలయ్యేలోపు తెర దించి సామాను సర్దుకునేవాళ్లు. ఆ పది నిమిషాలు జనం లేచి బీడీలకు పోకుండా ఒకడు తెర ముందు నిలబడి ఏదో ఒకటి మాట్లాడాలి. పెనుకొండలోనూ, హిందూపురంలోనూ, ధర్మవరంలోనూ ఆ ఒకణ్ని నేనే. బస్సుల మీద, ఆఫీసుల మీద, మా అత్తగారి ఊరైన పరిగి మీద, నా మీద నేను మాట్లాడేవాణ్ని.

అయితే మా జనానికి ఒక పద్ధతి ఉంది. వాళ్లు నవ్వరు, జవాబు చెబుతారు. "పొద్దున గడ్డం గీసుకొని మన బస్సెక్కినోడు హిందూపురంలో దిగేతలికి సన్నాసి అయింటాడు" అని నేనంటే, వెనక వరసలోంచి ఒక పెద్దాయన, "బస్సు మింద యాల పడతావప్పా, మీ ఇంటామె ఊరికి పోతే నువ్వు గడ్డం గీసేది ఎప్పుడు?" అనేవాడు. అప్పుడు నవ్వేవాళ్లు, ఆయన మాటకు. నేను ఆయనకు ఇంకో మాట అప్పజెప్పాలి. ఇట్లా పదేళ్లు జరిగింది. నా మాట పూర్తిగా విని చప్పట్లు కొట్టిన పాపాన ఎవరూ పోలేదు. అప్పట్లో ఆ చప్పట్లు లేకున్నా బాధ లేదు. నా భార్య ఆడవాళ్ల వైపు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చునేది. ఆ కొంగు వెనక నవ్వుతోందో, ఆవులిస్తోందో నాకు తెలిసేది కాదు. పెళ్లయి ఎనిమిదేళ్లయినా ఆమె నా మాటకు నవ్వగా కళ్లారా చూడలేదు. నాకు కావలసింది అదొక్కటే.

ఆ రోజుల్లో గోదావరి వైపు నుంచి ఒకాయన బదిలీ మీద మా ఆఫీసుకు వచ్చాడు. పొట్టిగా, గుండ్రంగా ఉండేవాడు. నోరు తెరిస్తే "ఆయ్". కుటుంబాన్ని అక్కడే వదిలి వచ్చి హోటల్లో తింటున్నాడని తెలిసి, జాలిపడి నేనే భోజనానికి పిలిచాను. కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో అప్పటికి నాకు తెలియదు.

ఆ పూట మా ఇంట్లో రాగి సంకటి, చెనిక్కాయల ఊరిమిండి. వేరుశనగ పచ్చడిని మేము అట్లా అంటాం. సంకటిని మేము నమలం. కాస్త తుంచి, ఊరిమిండిలో అద్ది, గుటుక్కున మింగుతాం. అది ఒకరికి చెప్పాల్సిన విషయమని కూడా మాకు తోచదు. ఆయన నమలడం మొదలుపెట్టాడు. నమిలేకొద్దీ అది పళ్లకు అంటుకుంటోంది, ఆయన ముఖం ఎర్రబడుతోంది, మర్యాదకు తల మాత్రం బాగుంది బాగుంది అన్నట్టు ఊపుతున్నాడు. వంటింటి గడపలో నిలబడిన నా భార్య పక్కున నవ్వింది. కొంగు జారిపోయినా పట్టించుకోలేదు. కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. ఆమెకు పైవరసలో ఒక పన్ను కొంచెం వంకర అని నాకు ఆ రోజే తెలిసింది. నేను ఎనిమిదేళ్లు మాటలు పేర్చినా రానిది, ఈయన ఒక్క మాటైనా అనకుండా, దవడ ఆడించి సంపాదించాడు.

నెల తర్వాత హిందూపురంలో నాటకం. ఈయన కూడా నాలుగు మాటలు చెబుతాడని నాటకం పెట్టిన పెద్దలకు ఎవరో చెప్పారు. తెర దిగింది. ఈసారి ఆయన వెళ్లి నిలబడ్డాడు.

"మేం అన్నం నవుల్తామండి, ఆయ్. మీరు సంకటి నవలకుండా మింగేత్తారు. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదండి. ఒక్క ముద్దతో గంట కుస్తీ పట్టేనండి. ఆ ఇంటి తల్లి దయగలావిడండి, పాపం ఆకలిమీదున్నాడని ఇంకో ముద్ద ఎట్టేశారండి."

మార్కెట్ వీధి అంతా ఉలిక్కిపడేటట్టు నవ్వారు. నాకు పదేళ్లుగా జవాబులు చెప్పిన నోళ్లు ఒక్క జవాబూ చెప్పలేదు. మా బస్సును అన్నాడు, మా ఎండను అన్నాడు, చప్పట్లే చప్పట్లు. అదే బస్సును నేనంటే నా గడ్డం దాకా వచ్చారు కదా! నేను తెర తాడు పట్టుకుని ఆడవాళ్ల వైపు చూశాను. నా భార్య పక్కావిడ భుజం మీద వాలిపోయి నవ్వుతోంది. ఆ ముద్ద పెట్టింది తానేనని నలుగురికీ చెబుతోంది కూడా.

నాకు అసూయ. దానికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు. ఆఫీసులో ఆయన ఫైలు అడిగితే ఉన్న ఫైలును లేదన్నాను. ఆయన తుమ్మినా నలుగురు నవ్వుతుంటే నా రక్తం ఉడికేది. చివరికి ఒక నిర్ణయానికి వచ్చాను. నా మాటలో లోపం లేదు, ఉన్నదంతా యాసలోనే. ఆ యాస నేర్చుకుంటే పోలా? రోజూ పొద్దున గడ్డం గీసుకుంటూ అద్దం ముందు "ఆయ్", "ఏవండోయ్", "సెప్పండి" అని సాధన చేశాను. పన్ను నొప్పిగా ఉందా, లవంగం ఇవ్వనా అని నా భార్య రెండుసార్లు అడిగింది.

ఆ వేసవిలో ధర్మవరంలో చేనేతవాళ్లు ఒక ఆదివారం మధ్యాహ్నం పందిరి వేసి చిన్న నాటకం పెట్టుకున్నారు. తెర ముందు మాటకు నన్ను పిలిచారు. గోదావరి ఆయన ఊరికే చూడటానికి వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. నా భార్య ఎప్పటిలాగే ఆడవాళ్ల వైపు. నేను పంచె ఆయనలాగే కట్టుకుని, గొంతు సాగదీసి నా బస్సు కథే మొదలుపెట్టాను. "ఏవండోయ్, పొద్దున్నే గెడ్డం గీసుకుని బస్సెక్కేనండి, ఆయ్..."

ఎవరూ అడ్డు రాలేదు. మగ్గాల దగ్గర రోజంతా మాటకు మాట విసురుకునే జనం, చేతులు ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా విన్నారు. కథ అయిపోయాక చప్పట్లు కొట్టారు. నేను కోరుకున్న చప్పట్లే. కాకపోతే దండ వేయించుకున్న ఆఫీసరు ఉపన్యాసం ముగించినప్పుడు మేము కొట్టే రకం. ముందు వరసలో ఒక ముసలాయన పక్కాయనతో, "పాపం, ఏ ఊరాయప్పో, శానా దూరం నుంచి వచ్చినట్టుండాడు" అనడం నాకు వినబడింది. ఆయన నన్ను ఆరేళ్లుగా ఎరుగును. నేను పంచె కుచ్చెళ్లు సర్దుకుంటూ నిలబడ్డాను.

అప్పుడు ఆడవాళ్లలోంచి నా భార్య లేచి నిలబడింది. సభలో ఎన్నడూ నోరు మెదపని మనిషి. నా వైపు చూడనైనా చూడకుండా జనాన్ని అడిగింది.

"ఈయప్ప ఎవురో నాకు తెల్దు. మా ఇంటాయప్ప పొద్దున నాతోనే రైలెక్కినాడు. యాడికి పోయినాడో ఎవురన్నా చూసినారా?"

పందిరి లేచిపోయేటట్టు నవ్వారు. నా జన్మలో అంత నవ్వు నేను తెప్పించలేదు, గోదావరి ఆయనా తెప్పించలేదు. నవ్వు ఎంతకూ తగ్గలేదు. తగ్గాక నా నోట్లోంచి నాకు తెలియకుండానే, "ఈడే ఉండానమ్మే, పంచె మారిందంతే" అని వచ్చింది. వెంటనే వెనక నుంచి ఒకడు, "పంచె ఎవురిది, ముందు ఆయప్పకి ఇచ్చేసి రా" అన్నాడు. ఇంకొకడు అందుకున్నాడు. ఆ పది నిమిషాలు అరగంట అయింది.

బయటికి వచ్చాక గోదావరి ఆయన నా చేయి పట్టుకున్నాడు. తాను వచ్చి ఏడాది అవుతోందనీ, అందరూ నవ్వుతారు గానీ ఒక్కరూ తనకు ఎదురు మాట చెప్పలేదనీ, నవ్వేసి ఎవరి ఇళ్లకు వాళ్లు వెళ్లిపోతారనీ అన్నాడు. ఆయన కళ్లలో ఉన్నది ఏమిటో నేను ఇట్టే గుర్తుపట్టాను, అద్దంలో రోజూ చూస్తున్నదే కదా. నాకు సంతోషం వేసింది. మంచివాణ్నని చెప్పుకోను.

కానీ ఆ సంతోషం రైలెక్కేదాకా కూడా నిలవలేదు. పెట్టెలో కూర్చున్నాక అడగకూడదనుకుంటూనే నా భార్యను అడిగేశాను. ఆయన మాటకు అంతగా నవ్వుతావే, నా మాటకు ఎన్నడైనా నవ్వినావా అని. ఆమె కిటికీలోంచి చూస్తూనే అంది.

"సుట్టమొస్తే ముద్దలో నెయ్యి ఏస్తాం. ఇంట్లో మనిషికి దినామూ ఏస్తామా?"

పెట్టెలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఈ మాట నాకెందుకు తట్టలేదని, పెనుకొండ వచ్చేదాకా ఆమె మీద కుళ్లుకుంటూ కూర్చున్నాను.

ఇల్లు చేరాక సంకటి వండింది. నా కంచంలో ముద్ద పెట్టి, నడుమ గుంట చేసి, గిన్నె వంచి నిండా నెయ్యి పోసింది. పోస్తూ నా ముఖంలోకి చూసింది, కొంగు పైకి లాక్కుని నోటికి అడ్డం పెట్టుకుంది. నెయ్యి బాగుంది. నేను అడిగింది నెయ్యి కాదు.