సూర్‌కు సైకిల్, ఆదివారం ముహూర్తం

మా బాల్కనీ నిండా ఖాళీ అట్టపెట్టెలే. గిటారుది, ట్రెడ్‌మిల్‌ది, కాఫీ మిషన్‌ది. నాకు పుట్టిన సరదా ఏదైనా మూడు నెలలకు మించి బతకదని మా ఆవిడకు గట్టి నమ్మకం. పెట్టె ఉంటే వస్తువు తిరిగి అమ్మడం తేలికని అన్నీ దాచిపెడుతుంది. కాదని వాదించడానికి నా దగ్గర ఒక్క ఉదాహరణా లేదు.

అందుకే సైకిల్ కొన్న రోజే శపథం చేశాను. మస్కట్ నగరం బౌషర్ పేటలోని మా ఫ్లాట్ నుంచి సముద్రపుటొడ్డున ఉన్న సూర్ పట్టణం దాకా రెండు రోజులు తొక్కుతాను. ఆ పెట్టె కూడా బాల్కనీకే చేరింది. పదకొండేళ్ల మా అమ్మాయి ఒక్కతే నన్ను నమ్మి, బళ్లో అందరికీ చెప్పేసింది. ఇక దాని ముందు పరువు నిలబెట్టుకోవాలి.

శుక్రవారం తెల్లవారుజామున బయల్దేరాలనుకున్నాను. ఇక్కడ శుక్ర, శనివారాలు సెలవు. ఆ వేళ రోడ్డు మీద పిల్లి కూడా కనపడదు. మా ఆవిడ మాత్రం పంచాంగం కోసం కాకినాడకు ఫోన్ చేసింది.

"శుక్రవారం వద్దండి అల్లుడుగారూ," అన్నారు మామగారు. "ఆదివారం దశమి దివ్యంగా ఉంది. ఏడింటిదాకా వర్జ్యం, అది దాటాక కదలండి. పైగా ఆదివారం కదా, రోడ్లన్నీ ఖాళీగా ఉంటాయి."

మస్కట్‌లో ఆదివారమంటే కాకినాడలో సోమవారం లెక్క. పదేళ్లుగా ఇక్కడ ఉద్యోగం చేస్తున్న ఇంజనీరుకు ఆ ముక్క తెలియక కాదు. "అలాగే మావయ్యగారూ" అన్నాను. ఆఫీసుకు సెలవు పెట్టి మరీ ఆఫీసు ట్రాఫిక్‌లో దూరిన మొనగాణ్ని నేనొక్కణ్నే అయి ఉంటాను.

ఆదివారం ఏడుంపావుకు హారతి, కొబ్బరికాయ. అమ్మాయి ఆ పూట బడి కూడా మానేసింది. మా ఆవిడ కొత్త కారుకు పెట్టినట్టే ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టింది. కారైతే నలిపేసి పోతుంది. నా సన్న టైరు దాని మీద జారింది. పక్కింటివాళ్ల కారు పట్టుకుని ఎలాగో నిలబడ్డాను. నిమ్మకాయ చెక్కుచెదరలేదు.

"ఏం కాదు, దిష్టి పోయింది," అంది మా ఆవిడ. అమ్మాయి చప్పట్లు కొట్టింది.

ఒంటికి అతుక్కున్న పసుపుపచ్చ బట్టలు, నల్ల కళ్లద్దాలు, హెల్మెట్‌తో పక్కపేట ఖురం వైపు రోడ్డెక్కాను. స్కూలు బస్సులు, ఆఫీసు కార్లు, నీళ్ల ట్యాంకర్లు. రౌండెబౌట్‌లోకి దూరడమైతే దూరాను గానీ బయటపడే సందు దొరకలేదు. మూడు చుట్లు తిరిగాను. నవగ్రహాల చుట్టూ కూడా అంత భక్తిగా ఎన్నడూ తిరగలేదు. "ఓరి దేవుడా" అని అరుస్తూ చివరికి ఫుట్‌పాత్ ఎక్కి ఆగాను.

ఆ అరుపు విని పాత సైకిల్ మీద పోతున్న ఒకాయన ఆగాడు. కంపెనీ జాకెట్, రబ్బరు చెప్పులు, హ్యాండిల్‌కు టిఫిన్ డబ్బా.

"తెలుగోళ్లా సార్? ఎక్కడిదాక?"

"సూర్ దాకా."

"ఇయ్యాల ఐతారం గద సార్, అందరు డ్యూటీకి పోయే దినం. నిన్న మొన్న రోడ్లన్ని ఖాళీగుండె. గప్పుడు పోతే అయిపోతుండె."

వర్జ్యం సంగతి ఎత్తకుండా, ఇది దాటేదెలాగని అడిగాను.

"దిగి నడిపించుకుంట దాటుండ్రి. ఇజ్జత్ ఏం పోదు," అని ఆయన సైకిల్ దిగి, చెయ్యెత్తి రెండు వరసల కార్లను ఆపి, దాటి వెళ్లిపోయాడు. రోజూ అలా దాటేవాడికి హారతి ఇచ్చేవాళ్లు లేరు. ఇన్నేళ్లూ ఏసీ కారులో కూర్చుని అలాంటివాళ్ల మీద హారన్ కొట్టిన పెద్దమనిషిని నేను.

అంత చూశాక కూడా నాకు ధైర్యం రాలేదు. ఇంటికి ఫోన్ చేసి, కారు తీసుకురమ్మన్నాను. మా ఆవిడ దెప్పుతుందనుకున్నాను. దెప్పలేదు.

"తెస్తాను గానీ, ఆ సైకిల్ పెట్టె ఇప్పుడు లేదండీ," అంది మెల్లగా. "మీరు మలుపు తిరగ్గానే మీ కూతురు కిందికి లాక్కెళ్లి చెత్తకుండీలో పడేసి వచ్చింది. నాన్న వెళ్లిపోయాడుగా, ఇంక పెట్టెతో పనేముందంటోంది."

నాకు ఏడుపొచ్చింది. కారు వద్దని చెప్పి ఫోన్ జేబులో పెట్టాను. చెయ్యెత్తి, సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు మీదికి దిగాను. హారన్లు మోగాయి. మోగనీ అనుకుని అవతలికి దాటి, సైకిలెక్కాను.