రిపోర్టులోంచి కొట్టేసిన రెండు వాక్యాలు

దీన్ని ఏడాదికి పైగా మోస్తున్నాను. చూడటానికి చిన్నదే. ఒక రిపోర్టు చివర ఉన్న రెండు వాక్యాలను కొట్టేశాను. అంతే. కానీ అందువల్ల ధర్మవరంలో ఒక మనిషి తన వేలిని తానే నమ్మడం మానేశాడు. ఆయన మా మామ, నా భార్య తండ్రి. ఇంట్లో ఎవరికీ ఈ సంగతి చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను.

నేను ఉండేది హిందూపురంలో. బెంగళూరులోని ఒక చిన్న కంపెనీకి ఇంట్లోంచే పనిచేస్తాను. నేతగాళ్లు దుకాణాలతో పని లేకుండా నేరుగా చీరల ఆర్డర్లు తీసుకునే యాప్ మాది. అందులో తప్పులు వెతకడం నా ఉద్యోగం. మొదట్లో ప్రతి బటనూ నేనే నొక్కి చూసేవాణ్ణి. తరువాత ఏఐ ఏజెంట్ వచ్చింది. నల్లటి విండోలో ఒక ఆదేశం టైపు చేస్తే చాలు, పరీక్షలన్నీ అదే నడిపి, ఏది పాసయిందో ఏది తప్పిందో రాసిస్తుంది. వారం పని ఒక పూటలో అయిపోయేది. మేనేజరు మీటింగులో నన్ను తెగ మెచ్చుకున్నాడు. పని చేసింది నేను కాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా పొగడ్త నా ఒంటికి బాగానే పట్టింది.

కొత్త వెర్షన్ విడుదల చేయాల్సిన రోజు, ‘అన్నీ పాసయ్యేదాకా ఆగొద్దు’ అని టైపు చేసి అన్నానికి లేచాను. సంగటి, చెనిక్కాయల చట్నీ. తిని వచ్చేసరికి తెరంతా పచ్చగా ఉంది, అంటే అన్నీ పాసయినట్టే. కింద ఏజెంట్ రిపోర్టు. దాని చివరి మాటల్ని తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటాయి: “ఆర్డరు ఒప్పుకునే బటన్‌ను వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే రెండు ఆర్డర్లు పడుతున్నాయి. ఆ పరీక్ష పాస్ కాకపోవడంతో దాన్ని పక్కన పెట్టాను, దయచేసి మీరు చూడండి.”

ఎంత మర్యాద! నేను అడక్కపోయినా, తను చేసింది దాచకుండా చెప్పింది. మరి నేను? రెండుసార్లు ఎవరు నొక్కుతారులే అనుకున్నాను. ఆ రెండు వాక్యాలనూ చెరిపేసి రిపోర్టు పంపాను. మెయిలు వెంటనే వెళ్లలేదని పంపే బటన్‌ను ఇంకోసారి నొక్కాను. మేనేజరుకు ఆ మెయిలు రెండుసార్లు అందింది. అప్పుడైనా బుద్ధి రావాలి కదా? రాలేదు.

మా మామ నేతగాడు. వాళ్ల వీధిలో ఆ యాప్ పెట్టుకున్న మొదటి మనిషి ఆయనే. నేనే పెట్టించాను. ఫోన్ జేబులో వేసుకుని కొంచెం ఛాతీ విరిచి నడిచేవాడు కూడా. పెనుకొండ నుంచి ఒక పెళ్లిచీరకు ఆర్డరు వచ్చింది. వంకాయ రంగు, మామిడి పిందెల అంచు. నెట్ నిదానంగా ఉంది. నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాడు. రెండు పడ్డాయి. పెళ్లికూతురికి చెల్లెలుందేమో, జోడుగా కట్టుకుంటారేమో అనుకున్నాడట. ఆయనా మా అత్తా వారాల తరబడి మగ్గం వదలకుండా రెండు చీరలూ నేశారు.

రెండో పార్సిల్ పెళ్లికూతురి ఇంటికి చేరిన రోజు, కాబోయే అత్తగారు అమరాపురం నుంచి వచ్చి అక్కడే ఉంది. పార్సిల్ ఆమే విప్పింది. తనను కూడా తలుచుకున్నారని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఇంక ఆ చీరను వెనక్కి అడిగే ధైర్యం ఎవరికుంటుంది?

పెళ్లికి మామను పిలిచారు. నేనూ వెళ్లాను. మండపంలో కోడలూ అత్తా ఒకే చీరలో. వీడియో తీసే అతను వంకాయ రంగును నమ్ముకుని అత్తగారి వెనకాలే తిరిగాడు. పెళ్లికూతురు సిగ్గుతో తల వంచుకుందని అతను తీసిన దృశ్యంలో, అత్తగారు కుర్చీ కింద చెప్పు వెతుక్కుంటోంది. చూపు ఆనని ఒక పెద్దాయన ఆమె నెత్తినే అక్షింతలు వేసి, త్వరలో పండంటి బిడ్డను ఎత్తుకోమన్నాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. పెళ్లికూతురు ఏడ్చింది.

ఆ పిల్ల తండ్రి మామ దగ్గరికొచ్చాడు. “ఏమప్పా, ఒగటి అడిగితే రెండు పంపితివి. ఫోన్ చేతగాకుంటే యాలప్పా పెట్టుకునేది?” అన్నాడు, అందరి ముందే. రెండింటికీ ఇవ్వాల్సింది ఇచ్చేశాడు. మాట మాత్రం మిగిలిపోయింది.

చేతులు కడుక్కునే చోట మామ నన్ను పక్కకు పిలిచాడు.

“అల్లుడా, నువ్వు ఆ పనిలోనే ఉండావు కదా. నా యేలు తప్పు చేసిందా, ఫోన్ తప్పు చేసిందా? నిజం చెప్పు.”

అడిగింది నన్నే. జవాబు తెలిసింది నాకొక్కడికే.

“మీరే రెండుతూర్లు నొక్కింటారు మామా. వయసయినాక చెయ్యి వణుకుతాది.”

ఆయన తన తడి చేతిని కాసేపు చూసుకున్నాడు. వెంట్రుకంత పట్టుపోగు తెగితే, అతుకు కనబడకుండా ముడివేసే చెయ్యి అది.

“ఔలేప్పా. మగ్గం మీదయితే చేతికి తెలుస్తాది. అద్దం మీద యాడ తెలుస్తాది?”

ఆ వారమే తప్పును సరిచేయించాను. మార్పుల జాబితాలో ‘చిన్న సవరణ’ అని రాశాను. ఇప్పుడు పదిసార్లు నొక్కినా ఒకే ఆర్డరు పడుతుంది. మామకు అది కూడా చెప్పలేదు. చెబితే, అంతకుముందు ఏముండేదో చెప్పాలి కదా. ఆర్డరు వచ్చిన ప్రతిసారీ ఆయన నాకు ఫోన్ చేస్తాడు. “ఆర్డరు వచ్చిండాది అల్లుడా. నొక్కేదా?” నొక్కండి అంటాను. “నొక్కినా. ఇంగ చెయ్యి తీసేసినా,” అంటాడు. తీసిన చేతిని ఇంకో చేత్తో పట్టుకుని కూర్చుంటాడట. ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వుతారు. నా భార్య మరీ ఎక్కువ నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. నవ్వకపోతే ఎందుకని అడుగుతుంది.

ఎందుకు దాచాను? ఉద్యోగం పోతుందనా? పోయేది కాదు. విడుదల ఒక రోజు ఆలస్యమయ్యేది, మీటింగులో ఒక పొగడ్త తగ్గేది, అంతే. కొన్నాళ్లు ఏజెంట్ మీదికి తోసేయాలని చూశాను. పాసయ్యేదాకా ఆగొద్దంటే పరీక్షనే పక్కన పెడుతుందా అని లోలోపల తిట్టుకున్నాను. కానీ అది చెప్పింది కదా. చూడమని బతిమాలింది కదా.

మామ రెండుసార్లు నొక్కిన మాట నిజమే. ఎవరైనా నొక్కుతారు. నొక్కుతారని ముందే చూసుకోవడానికే నాకు జీతం ఇస్తున్నారు. తప్పు ఆయన వేలిది కాదు. నాది. ఈ మాట ఆయన ముందు కూర్చుని ఎప్పుడు అంటానో తెలియదు, అంటానో లేదో కూడా తెలియదు. కానీ ఇన్నాళ్లూ ఒక్కడికే తెలిసింది ఇప్పుడు ఇద్దరికి తెలుసు. కొంచెం ఊపిరాడుతోంది.