హర్కత్ లేదని రాసిచ్చాం

మా ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే. భివండి కామత్‌ఘర్‌లో మా గల్లీకి ఏ కాగితం వచ్చినా, కరెంటు బిల్లయినా, రేషన్ ఆఫీసు నోటీసయినా, ముందు మా గుమ్మం తొక్కాల్సిందే. పన్నెండో తరగతి పాసైన పిల్ల ఇంకో ఇంట్లో లేదు మరి. కాగితం నా చేతిలో పెట్టి నిలబడేవాళ్లు. నేను కూడా డాక్టరు నాడి చూసినట్టు ముఖం పెట్టి చదివేదాన్ని. ఆ ముఖం గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

నేను చదివింది హిందీ మీడియం. మరాఠీ బడికి పెద్ద రోడ్డు దాటి పోవాలి, హిందీ బడి గల్లీ మలుపులోనే ఉంది. అమ్మ అంతకు మించి ఆలోచించలేదు. మరాఠీ ఒక సబ్జెక్టుగా ఉండేది, ఏటా బొటాబొటి మార్కులతో గట్టెక్కేదాన్ని. రెండు భాషలకూ లిపి ఒకటే కాబట్టి మరాఠీ కూడా గడగడా చదివేసేదాన్ని. చదవగలిగితే అర్థమైనట్టేనని నేనూ అనుకున్నాను, గల్లీ కూడా అనుకుంది.

మా గల్లీ చివర ఒక ఖాళీ జాగా ఉండేది. అది ఎవరిదో ఎవరికీ తెలియదు. సర్కారుదని కొందరు, ఎవరో రైతుదని కొందరు అనేవాళ్లు. పెళ్లి పందిళ్లు అక్కడే వేసేవాళ్లం, బతుకమ్మ అక్కడే ఆడేవాళ్లం. మిగతా గల్లీ అంతా ఒకదాన్నొకటి ఆనుకున్న సాంచాల షెడ్లు. మరమగ్గాలను మేం సాంచాలంటాం. ఆ చప్పుడులో పుట్టి పెరిగినవాళ్లకు అది చప్పుడని కూడా తెలియదు, కరెంటు పోయినప్పుడు తప్ప.

బాపు నలభై ఏళ్లు సాంచాల మధ్య నిలబడ్డాడు. చెవులు సగం పోయాయి. నూలు దుమ్ము పీల్చి పీల్చి ఊపిరి కూడా సగమైంది. సాయంత్రాలు ఆరుబయట తిరగాలని, అంతకు మించిన మందు తన దగ్గర లేదని డాక్టరు చెప్పాడు. మాకు ఆరుబయట అంటే ఆ జాగా ఒక్కటే. అక్కడ నాలుగు చుట్లు తిరిగి వచ్చిన రోజు బాపు రెండు రొట్టెలు తినేవాడు, పడుకుంటే దగ్గు వచ్చేది కాదు. తిరగని రోజు ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండేది కాదు.

ఆయనకు జత పక్కింటి మామ. చుట్టం కాదు. సిరిసిల్ల దిక్కు నుంచి ఇద్దరూ ఒకే లారీలో భివండికి వచ్చారట, అప్పటినుంచి బావా అంటే బావా అనుకుంటారు. మామకూ చెవుడే. ఇద్దరూ తిరగడం అయ్యాక ఒక పాత సాంచె ఇనుప చట్రం మీద కూర్చుని ముచ్చట్లు పెట్టుకునేవాళ్లు. వాళ్ల రహస్యాలు అవతలి పేట నాగావ్ దాకా వినిపించేవి. ఆ చట్రాన్ని తెచ్చి అక్కడ పారేసింది మామే. చెత్త ఎత్తే బండివాళ్లు దాని గురించి ఒకటి రెండుసార్లు గొణిగారు కూడా.

ఒకరోజు ఆ జాగా గోడకు మున్సిపాలిటీవాళ్లు ఒక నోటీసు అతికించారు. మరాఠీలో ఉంది. గల్లీ సగం నా వెనక నిలబడింది. అందులో ‘క్రీడాంగణ్’ అనే మాట ఉంది, అంటే ఆటస్థలం. ‘ఆరక్షణ్’ ఉంది, అంటే రిజర్వేషన్. ఆ రెంటి పక్కన ‘వగళూన్’ అని ఒక మాట ఉంది. అది నాకు రాదు. రాని మాటను దాటేసి చదవడం నాకు పరీక్షల నుంచీ అలవాటు. చివర, ఎవరిదైనా ‘హర్కత్’ ఉంటే పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా తెలపాలని ఉంది.

హర్కత్ అంటే మాకు తెలియనిదా? పిల్లలు రాళ్లు విసిరితే “ఏం హర్కతులు చేస్తున్నరే” అని తిట్టని తల్లి మా గల్లీలో లేదు. హర్కత్ అంటే కొంటెపని, పాడుపని. అందుకే నేను వెనక్కి తిరిగి గట్టిగా చెప్పాను.

“ఈ జాగ ఆటగ్రౌండు కోసమని రిజర్వేషన్ అయ్యిందట. ఎవలన్న హర్కతులు చేస్తుంటె పదిహేను దినాల్ల రాసియ్యాలెనట.”

“మంచి ముచ్చటే గద” అన్నాడు బాపు. కాసేపు ఆలోచించి, “మన గల్లీల హర్కత్ ఎవడు చేస్తడు? ఎవ్వడు చెయ్యడు. గదే రాసిద్దాం. ఊకుంటె ఏమో ఉన్నదనుకుంటరు” అన్నాడు.

“అడగనిదానికి రాసుడెందుకు?” అంది అమ్మ. ఆమె బళ్లోకి అడుగుపెట్టలేదు. ఆమె మాట ఎవరూ పట్టించుకోలేదు, అందరికంటే ముందు నేను పట్టించుకోలేదు.

తెల్లకాగితం మీద హిందీలో నేనే రాశాను. ‘ఈ జాగా విషయంలో మా గల్లీవాళ్లెవరిదీ ఎలాంటి హర్కత్ లేదు.’ అక్షరాలు గుండ్రంగా రావాలని రెండుసార్లు రాశాను. కింద గల్లీ అంతా సంతకాలు, వేలిముద్రలు. మొదటి సంతకం బాపుది, తెలుగులో. రెండోది మామది. ఇద్దరూ ఇస్త్రీ చొక్కాలేసుకుని షేర్ ఆటోలో మున్సిపాలిటీ ఆఫీసుకు పోయి ఇచ్చొచ్చారు. ముద్ర కొట్టిన నకలును బాపు రేషన్ కార్డు ఉండే ప్లాస్టిక్ కవర్లో దాచాడు.

కొన్ని నెలలకు జాగా చుట్టూ రేకులు పాతారు. గల్లీ సంబరపడింది. బాపు పోయి పనివాళ్లకు బెంచీ ఏ దిక్కు వేయాలో చేయి చాపి మరీ చూపించి వచ్చాడు. వాళ్లు తలూపారు. పాత చట్రాన్ని పాత ఇనుము కొనే భంగారు బండిలో ఎక్కిస్తుంటే బాపు, మామ దగ్గరుండి ఒక చేయి వేశారు. ఆ తర్వాత బోర్డు పెట్టారు. బోర్డు మీద అద్దాల దుకాణాల బొమ్మ ఉంది.

నేను ఆఫీసుకు పోయాను. అక్కడి క్లర్కు మంచివాడు. అరిస్తే తిరిగి అరుద్దామని తయారై వెళ్లాను, ఆయన కుర్చీ చూపించి ఫైలు తెప్పించాడు. హిందీలో నిదానంగా చెప్పాడు. ఎప్పుడో ఒక రైతు దగ్గర ఆటస్థలం కోసమే ఆ జాగా తీసుకున్నారట. ఆటస్థలం కట్టడం మాత్రం కుదరలేదట. ఇప్పుడు ఆ రిజర్వేషన్ తీసేసి, వేలం పెట్టి, దుకాణాలకు చాలా ఏళ్ల లీజుకు ఇచ్చారట.

“నోటీసు వేశాం. హర్కతులు ఉంటే చెప్పమని అడిగాం” అన్నాడు.

“మా గల్లీలో ఎవరూ హర్కత్ చేయలేదు సార్.”

“అదే కదా నేనూ చెబుతున్నాను.”

“మేం రాసి కూడా ఇచ్చాం.”

“ఇచ్చారు. ఇదిగో.” ఫైలు నా వైపు తిప్పాడు. గుండ్రటి అక్షరాలు. పక్కన ఎర్ర సిరాతో ఎవరో గీత గీసి పెట్టారు. “ఇంత బుద్ధిగా ఒప్పుకున్న గల్లీని నా సర్వీసులో చూడలేదు” అన్నాడు. వెక్కిరింత కాదు, మెచ్చుకున్నాడు.

మేమిద్దరం ఒకే మాట మాట్లాడుతూ వేరే విషయాలు చెప్పుకుంటున్నామని నాకు తట్టడానికి కాసేపు పట్టింది. ఆయనకే ముందు అర్థమైంది. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “బేటా, మరాఠీలో హర్కత్ అంటే అభ్యంతరం” అన్నాడు.

“వగళూన్ అంటే?”

“తీసేసి.”

కూరగాయలమ్మే బాయి, బస్సు కండక్టరు, బళ్లో మరాఠీ టీచరు, అందరూ పుట్టినప్పటినుంచి నా చెవిలో ‘హర్కత్ నాహీ’ అంటూనే ఉన్నారు. ఫరవాలేదు, మాకేం అడ్డు లేదు అని. విన్న చెవికీ చదివిన కంటికీ ఒక్కసారి కూడా పొత్తు కుదరలేదు.

“మేం అభ్యంతరం రాసిస్తే ఆగేదా సార్?”

“పిలిచి మీ మాట వినేవాళ్లం.”

“విని?”

“రాసుకునేవాళ్లం.”

అది ఆశపెట్టే మాటో ఊరడించే మాటో నాకు ఈ రోజుకీ తెలియదు. మా కోసమే కొన్నారట, మా ఒప్పుకోలుతోనే ఇచ్చేశారట. కొన్న సంగతి మాకు తెలియదు, ఇచ్చేసిన సంగతీ తెలియదు. మరి మధ్యలో అన్నేళ్లు అక్కడ తిరిగిన మేం ఎవరం? ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక, ఆటో దిగాక కూడా ఇంటికి పోకుండా మలుపులోని బడి ముందు నిలబడ్డాను.

ఇంట్లో చెప్పలేదు. చెప్పే ధైర్యం లేదు. ఇచ్చేశారట, ఇంకేం లేదట అన్నాను. దాంతో బాపు తనకు తోచిన కారణం తాను వెతుక్కున్నాడు. ఎవరో హర్కత్ చేశారని ఆఫీసుకు తెలిసిపోయింది, అందుకే జాగా పోయింది. ఎవరు చేశారు? చట్రం పారేసింది ఎవరు?

“వద్దు బావా, ఆడ పెట్టకు అని అప్పుడే చెప్పిన. ఇన్నడా?” అనేవాడు. మామ పలకరిస్తే ముఖం తిప్పుకునేవాడు. షెడ్ల మధ్య సందులో ఒక్కడే తిరిగేవాడు. ఆ సందులోనూ నూలు దుమ్మే. సగం దూరానికే గోడ పట్టుకుని నిలబడిపోయేవాడు. అటు మామ గుమ్మంలో కూర్చుని, తాను చేసిన తప్పేమిటో తెలియక మా ఇంటి వైపు చూసేవాడు. అది చూసి చూసి ఒక సాయంత్రం అన్నం కంచం పక్కకు నెట్టి లేచాను.

ప్లాస్టిక్ కవర్లోంచి ఆ నకలు తీసి బాపు ముందు పెట్టాను. చెవి దగ్గర నోరు పెట్టి ఒక్కొక్క మాటా చెప్పాను. వగళూన్ చెప్పాను. హర్కత్ చెప్పాను.

బాపు కాగితాన్ని దూరంగా పట్టుకుని చాలాసేపు చూశాడు. ఆయనకు ఆ లిపి రాదు.

“అంటే తీసుకోండ్రి అని మనమే రాసిచ్చినమా?”

“మనం కాదు బాపూ, నేను.”

బాపు కాగితాన్ని మడత ప్రకారమే మడిచి కవర్లో పెట్టాడు. చెప్పులేసుకుని బయటికి నడిచాడు. నేను గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాను. బాపు మామ ఇంటి గుమ్మం ముందు నిలబడి, ఊపిరి కూడదీసుకుని అన్నాడు.

“బావా, హర్కత్ నీది కాదు. నాది.”

“ఏంది?” అన్నాడు మామ, చెవికి చేయి అడ్డం పెట్టుకుని.

బాపు మళ్లీ చెప్పాడు, ఇంకా గట్టిగా. ఈసారి సాంచాల చప్పుడులో కూడా గల్లీ అంతా విన్నది. నా పేరు ఎక్కడా రాలేదు.